ఫ్లెచర్ డిస్ట్రాయర్ 1:96 ప్లాన్: కట్టే ముందు ఎంతవరకు నమ్మొచ్చు?

కొయ్యఓడ

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా యుద్ధనౌక, ఫ్లెచర్ క్లాస్ డిస్ట్రాయర్ మోడల్‌ని 1:96లో కట్టాలనుకుంటున్నాను. చేతిలో ఉన్నది జిరాక్స్ ప్లాన్. పక్కచూపు, డెక్ ప్లాన్ రెండు ముక్కలుగా వచ్చాయి, స్టేషన్ 10 దాటాక అతికించి ఉన్నాయి. బాడీ ప్లాన్ (ఓడను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాలు) వేరే షీట్ మీద ఉంది. 0 నుంచి 20 వరకు స్టేషన్లు (పొడవును భాగాలు చేసే అడ్డగీతలు), ఎత్తులో 4 అడుగులకో వాటర్‌లైన్ (నీటిమట్టానికి సమాంతరమైన గీత) గీశారు. మూల మీద 1943 అని రాసుంది.

అసలు ఓడ పొడవు 376 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 39 అడుగుల 8 అంగుళాలు. 1:96లో అది 1195.4 మి.మీ., 125.9 మి.మీ. కావాలి. ప్లాన్ మీద స్టీల్ స్కేల్ పెడితే పొడవు 1187 వచ్చింది. డెక్ ప్లాన్‌లో వెడల్పు 126.2. బాడీ ప్లాన్‌లో సగం వెడల్పు 62.1, అంటే మొత్తం 124.2. మూడూ మూడు దారులు.

అడగాలనుకున్నవి రెండు. ఈ తేడాలు కాపీ తీయడంలో వచ్చాయా, గీసినవాళ్ల తప్పా అన్నది ఎలా తెలుస్తుంది? కొలతలు సరిపోయినంత మాత్రాన ప్లాన్ సరైనదే అనుకోవచ్చా?

స్టేషన్‌పది

రెండో ప్రశ్నకు జవాబు: అనుకోకూడదు. ఫ్లెచర్ తర్వాత వచ్చిన సమ్నర్ క్లాస్ పొడవు కూడా 376 అడుగుల 6 అంగుళాలే. సమ్నర్ హల్ (ఓడ శరీరం) గీసి దానికి ఫ్లెచర్ అని పేరు పెడితే పొడవు కొలిచినవాళ్లకు ఏ తేడా కనపడదు. వెడల్పు చూస్తే సమ్నర్ కొంచెం ఎక్కువ. వెనక్కి తిప్పి చుక్కాని చూస్తే ఇంకా తొందరగా తేలిపోతుంది. ఫ్లెచర్‌కి రెండు ప్రొపెల్లర్లు, ఒక్కటే చుక్కాని. సమ్నర్‌కి రెండు చుక్కానులు. మీ ప్లాన్‌లో ముందు అది చూడండి.

ఇక మొదటి ప్రశ్న. కాపీ తప్పునీ గీతల తప్పునీ విడదీయడానికి గుండ్రటి గీతలు పనికొస్తాయి. డెక్ ప్లాన్‌లో గన్ తిరిగే పరిధి చూపించే పెద్ద వృత్తం ఏదైనా ఉంటే దాన్ని ఓడ పొడవు దిశలో ఒకసారి, అడ్డంగా ఒకసారి వెర్నియర్‌తో కొలవండి. గీసినవాళ్లు కంపాస్‌తోనే గీస్తారు కాబట్టి మొదట అది గుండ్రంగానే ఉంటుంది. ఇప్పుడు కోడిగుడ్డులా ఉంటే కాగితమో మెషీనో సాగదీసింది. చక్కగా గుండ్రంగా ఉండి కూడా ఓడ పొడవు తక్కువొస్తే తప్పు డ్రాయింగ్‌దే. చిన్న వృత్తాలతో ఈ పని కాదు. 20 మి.మీ. వృత్తంలో 0.7 శాతం అంటే 0.14 మి.మీ., గీత మందంలోనే కలిసిపోతుంది. కనీసం 80, 100 మి.మీ. వృత్తం వెతకండి.

రోలర్ మెషీన్లలో కాగితం నడిచే దిశలో ఒక రకంగా, అడ్డంగా ఇంకో రకంగా తేడా వస్తుంది. పైగా కాగితం తేమకు సాగుతుంది, అన్ని దిశల్లో సమానంగా సాగదు. పీడీఎఫ్ నుంచి ప్రింట్ తీసేవాళ్లు మర్చిపోయేది ఇంకొకటుంది: పేజీకి సరిపెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉంటే బొమ్మంతా కొద్దిగా కుదించుకుపోతుంది. షీట్ బోర్డర్ ఎదురెదురు మూలల్ని కలిపే రెండు కొలతలూ తీయండి. అవి సమానంగా లేకపోతే షీట్ ఏటవాలుగా జరిగినట్టే.

తర్వాత స్టేషన్ల దూరాలు. వీటిని ఒక్కో గడి విడిగా కొలవకండి. ప్రతి గడికీ 0.2 మి.మీ. పొరపాటు జరిగినా ఇరవై గడులకు ఎక్కడికో పోతుంది. స్కేల్ సున్నాని స్టేషన్ 0 మీద పెట్టి కదపకుండా 1, 2, 3 అన్నీ వరసగా రాసుకోండి, తీసివేతలు ఆ తర్వాత చేసుకోండి. అతుకు దగ్గర ఒక్క గడి కురచగా ఉంటే అక్కడ కాగితాలు ఎక్కువగా ఒకదానిమీదొకటి పడ్డాయన్నమాట.

చివరగా మూడు చూపుల పొత్తు. స్టేషన్ 5, 10, 15 తీసుకోండి. ఒక్కోదాని మీద మూడు వాటర్‌లైన్ల దగ్గర సగం వెడల్పును బాడీ ప్లాన్‌లో కొలిచి, సగం వెడల్పు ప్లాన్‌లో (వాటర్‌లైన్ల ఆకారాన్ని పైనుంచి చూపేది) అదే బిందువుతో పోల్చండి. తొమ్మిది జతలు వస్తాయి. డెక్ అంచు ఎత్తుని పక్కచూపులో, బాడీ ప్లాన్‌లో ఇలాగే చూడండి. తేడా 0.5 మి.మీ. లోపు ఉంటే వదిలెయ్యొచ్చు, అసలు ఓడ మీద అది 48 మి.మీ. అన్నీ ఒకే నిష్పత్తిలో తేడా కొడితే అది స్కేల్ గొడవ, దిద్దుకోవచ్చు. ఒక్కోచోట ఒక్కోలా ఉంటే ఆ హల్‌ని కంటితో చూసి గీశారు, దాంతో ఫ్రేములు (హల్ పక్కటెముకలు) కోస్తే పలకలు అతికేటప్పుడు గుంటలూ బొడిపెలూ తేలతాయి.

తుప్పురంగు

పై కొలతలన్నీ సరే. కానీ 8 మి.మీ. పొడవు తగ్గిందని ఎవరూ పసిగట్టలేరు. 1943 అని రాసి 1945 నాటి మధ్య డెక్ పెడితే తెలిసినవాళ్ల కళ్లు మొదట అక్కడికే పోతాయి. ప్లాన్లలో ఎక్కువ చెడేది సంవత్సరాల దగ్గరే.

ఫ్లెచర్లు మొత్తం 175 కట్టారు, అన్నీ ఒక్క అచ్చు కాదు. ముందొచ్చిన వాటి బ్రిడ్జి (ఓడను నడిపే గది) ముందుభాగం గుండ్రంగా, ఎత్తుగా ఉంటుంది. తర్వాతవాటిది చదరంగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. 40 మి.మీ. బోఫోర్స్ (విమాన విధ్వంసక) గన్ల జంటలు మొదట్లో తక్కువ, పోనుపోను అయిదుకు చేరాయి. 1945లో జపాన్ కామికాజె (ఆత్మాహుతి విమాన) దాడుల దెబ్బకు కొన్ని ఓడల మీద ముందున్న అయిదు గొట్టాల టార్పెడో మౌంట్ తీసేసి ఆ చోట నాలుగేసి గొట్టాల 40 మి.మీ. గన్లు పెట్టారు. కాబట్టి 1943 ప్లాన్‌లో మధ్యన నాలుగు గొట్టాల బోఫోర్స్ కనిపిస్తే ఆ షీట్ కనీసం రెండు కాలాల కలగూరగంప.

ముందు ఓడ నంబర్, తేదీ ఖాయం చేసుకోండి. తర్వాత ప్లాన్ మీద ఒక్కో వస్తువు పక్కన పెన్సిల్‌తో ఆధారం రాయండి: ఫొటోలో కనిపించిందా, అధికారిక డ్రాయింగ్‌లో ఉందా, ఈ ప్లాన్ తప్ప వేరే సాక్ష్యం లేదా. మూడో రకం ఎక్కువైతే ఆ భాగాన్ని కట్టకుండా ఆపండి.

మరో సంగతి. రెండు ప్లాన్లు ఒకే మాట చెబితే ఇద్దరు సాక్షులు దొరికారని సంబరపడొద్దు. ఒకటి రెండోదాన్ని చూసి మక్కికి మక్కి దించినదే కావచ్చు. దీన్ని పట్టుకోవాలంటే సరిగ్గా ఉన్నవి కాదు, తప్పుగా ఉన్నవి పోల్చాలి. ఒకే పోర్ట్‌హోల్ రెండింటిలోనూ లేకపోయినా, ఒకే నిచ్చెన రెండింటిలోనూ తిరగేసి ఉన్నా, అవి తల్లీపిల్లా.

అధికారికం అన్నంత మాత్రాన కూడా పని అయిపోదు. అమెరికా నేవీ జనరల్ ప్లాన్స్ బుక్‌లెట్ గదుల అమరికకు గొప్ప ఆధారం, హల్ వంపులకు కాదు. మైక్రోఫిల్మ్ నుంచి స్కాన్ చేసిన కాపీల్లో అంచులు వంగిపోతాయి. బ్రిటిష్ ఓడల యాజ్ ఫిటెడ్ (కట్టడం పూర్తయినప్పటి రూపం చూపే) డ్రాయింగుల్లో ఓడ పూర్తయ్యాక చేసిన మార్పుల్ని వేరే రంగు సిరాతో గీశారు. వాటిని నలుపు తెలుపులో కాపీ తీస్తే రెండు కాలాల గీతలూ ఒకే నలుపు. అలాంటి కాపీ చూసి గీసిన కొత్త ప్లాన్‌లో ఎన్నడూ కలిసి లేని రెండు గన్ ప్లాట్‌ఫారాలు పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి.

కొయ్యఓడ

చుక్కాని ఒక్కటే ఉంది. మీరు చెప్పినట్టు కొలిచినవి ఇవి:

గన్ పరిధి వృత్తం: అడ్డంగా 104.2, పొడవు దిశలో 103.5.
స్టేషన్ల మధ్య దూరాలు అన్నీ దాదాపు సమానం, ఒక్క 10–11 గడి మాత్రం మిగతావాటికన్నా 2.4 మి.మీ. తక్కువ. అతుకు అక్కడే.
కీల్ (ఓడ అడుగు దూలం) నుంచి 16 అడుగుల వాటర్‌లైన్ ఎత్తు: పక్కచూపులో 50.9, బాడీ ప్లాన్‌లో 50.1. లెక్క ప్రకారం 50.8 రావాలి.

మధ్య డెక్ మీద రెండు టార్పెడో మౌంట్లూ ఉన్నాయి, బోఫోర్స్ అన్నీ జంటలే. బ్రిడ్జి చదరం.

స్టేషన్‌పది

అయితే మీ ప్లాన్ గీసినవాళ్ల తప్పేం లేదు, కాపీ తీసినవాళ్లదే.

పొడవులో తగ్గింది 8.4 మి.మీ. అందులో 2.4 అతుకు దగ్గర మింగేసింది. మిగిలిన 6.0 పొడవంతా సమానంగా పరుచుకుంది, అంటే 0.5 శాతం. వృత్తం కూడా అదే అంటోంది. అడ్డం కన్నా పొడవు దిశ 0.7 శాతం తక్కువ: అందులో పొడవు తగ్గింది 0.5, అడ్డం పెరిగింది 0.2. మీ డెక్ వెడల్పు 126.2 రావడానికి కారణం కూడా ఆ 0.2 శాతమే.

దిద్దే వరస ముఖ్యం. ముందు అతుకు విప్పి 2.4 మి.మీ. జరిపి మళ్లీ అతికించండి, పొడవు 1189.4 అవుతుంది. ఆ తర్వాత స్కాన్ చేసి పొడవు దిశలో మాత్రం 100.5 శాతం, నిలువు దిశలో 99.8 శాతం పెట్టండి. వరస మార్చి, అతుకు ముట్టుకోకుండా మొత్తాన్ని 100.7 శాతం సాగదీస్తే రెండు కొసలూ సరిగ్గానే పడతాయి. కానీ ముందు కొస నుంచి కొలుచుకుంటూ వస్తే అతుకు చేరేసరికి ప్రతిదీ 1.2 మి.మీ. వెనక్కి జరిగిపోతుంది. మొత్తం పొడవు ఒక్కటే కొలిచి సరిపెట్టుకునేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

బాడీ ప్లాన్‌లో వెడల్పు 62.1 బదులు 63.0, ఎత్తు 50.1 బదులు 50.8 కావాలి. రెండూ ఒకే 1.4 శాతం, కాబట్టి ఆ షీట్‌ని రెండు దిశల్లోనూ 101.4 పెంచితే చాలు. వెడల్పు ఒక్కటే తగ్గి ఎత్తు సరిపోయి ఉంటే మాత్రం ఇంత సులువుగా వదిలేది కాదు.

పెంచాక తొమ్మిది జతల పరీక్ష చేయండి. దాంతోపాటు ఒక సన్నని ప్లాస్టిక్ పట్టీని సగం వెడల్పు ప్లాన్ బిందువుల మీద నిలబెట్టి వంచండి. పట్టీ తనంతట తాను వంగే దారిలో అన్ని బిందువులూ పడాలి. ఒక్క బిందువు మీదకు పట్టీని వేలితో నెట్టాల్సి వస్తే ఆ స్టేషన్ తప్పు, పక్కవి కాదు.

నీటిగీత

హల్ లావు సన్నం తేల్చడానికి ఇంకో దారి బరువు. ఫ్లెచర్ స్టాండర్డ్ బరువు 2,050 లాంగ్ టన్నులు, లాంగ్ టన్ను అంటే 1,016 కిలోలు. దాన్ని 96 మూడుసార్లు గుణించిన 8,84,736తో భాగిస్తే 2.35 కిలోలు. ఉప్పునీటిలో అది 2.3 లీటర్ల చోటు.

ప్రతి స్టేషన్‌లో నీటిగీత కింద ఉన్న వైశాల్యాన్ని గ్రాఫ్ కాగితం గడులు లెక్కపెట్టి రాసుకోండి. సగమే గీసి ఉంటుంది కాబట్టి రెట్టింపు చేయడం మరవొద్దు. సింప్సన్ పద్ధతిలో 1, 4, 2, 4 ... 4, 1 గుణించి కూడి, స్టేషన్ల దూరంలో మూడో వంతుతో హెచ్చవేయండి. ఇరవై గడులు సరిసంఖ్య కాబట్టి పద్ధతి సాఫీగా నడుస్తుంది. కొసల్లో స్టేషన్లకు బయట మిగిలే కొంచెం చోటు పెద్ద లెక్కలోది కాదు.

జవాబు 2.8 లీటర్లు వస్తే కంగారు పడకండి, అది దాదాపు 2,500 టన్నులు. 1922 వాషింగ్టన్ ఒప్పందం స్టాండర్డ్ బరువులోంచి ఇంధనాన్ని, బాయిలర్ల రిజర్వ్ నీటిని తీసేసింది. కాబట్టి నిండా ఇంధనంతో ఉన్న నీటిగీతకు స్టాండర్డ్ టన్నులు పెట్టి పోల్చితే ఎప్పుడూ తేడాయే వస్తుంది. 1.9 లీటర్లే వస్తే మాత్రం 1,700 టన్నుల కిందకు దిగినట్టు. అది స్టాండర్డ్ బరువే మొయ్యలేని హల్, కింద బాగా సన్నగా గీశారు.

పెద్ద ఓడల వైపు వెళ్లేవాళ్లకు రెండు హెచ్చరికలు. బ్రిటిష్ యుద్ధనౌక హుడ్ మొత్తం పొడవు 860 అడుగుల 7 అంగుళాలు, పర్పెండిక్యులర్ల (ముక్కు దగ్గర, చుక్కాని దగ్గర గీసే నిలువు గీతల) మధ్య 810 అడుగుల 5 అంగుళాలు. 1:192లో ఆ రెండింటికీ 80 మి.మీ. తేడా. ఏది ఏ పొడవో చూడకుండా స్కేల్ లెక్కేస్తే మంచి ప్లాన్ కూడా దొంగలా కనిపిస్తుంది. రెండోది: హల్ లైన్లు సాధారణంగా ఫ్రేముల బయటి అంచుకు గీస్తారు, ఉక్కు పలక దాని మీద వస్తుంది. డిస్ట్రాయర్‌కి ఆ మందం 1:96లో వెంట్రుకంత. హల్ బయట 12 అంగుళాల కవచం తొడిగిన యుద్ధనౌకలో 1:192లో కూడా ఒక్కో పక్క 1.6 మి.మీ. ఆ ప్లాన్‌లో వెడల్పు కవచంతోనా, లేకుండానా అన్నది తేల్చకుండా ఫ్రేములు కోయకూడదు.

ఎడమప్రక్క

ఫొటోలతో సరిచూడటం గురించి ఎవరూ చెప్పలేదు. ఫొటో మీద స్కేల్ పెట్టి నిష్పత్తులు తీస్తే తప్పొస్తుంది, దూరంగా ఉన్న కొస కుదించుకుపోతుంది కదా. కానీ ఒకే సరళరేఖ మీద ఉన్న నాలుగు బిందువుల క్రాస్ రేషియో (వాటి మధ్య దూరాల లబ్ధాల నిష్పత్తి) మాత్రం ఏ కోణం నుంచి తీసినా మారదు.

ప్లాన్ మీద మధ్యరేఖలో ఉన్న నాలుగు తీసుకోండి: మొదటి గన్ మౌంట్ ఇరుసు, రెండు పొగగొట్టాల మధ్యలు, చివరి మౌంట్ ఇరుసు. వాటి స్థానాలు గుండ్రటి అంకెల్లో 0, 200, 500, 900 అనుకుందాం. మొదటిదాని నుంచి మూడోదానికి 500, రెండు నుంచి నాలుగుకు 700, రెండు నుంచి మూడుకు 300, ఒకటి నుంచి నాలుగుకు 900. మొదటి రెండింటి లబ్ధాన్ని తర్వాతి రెండింటి లబ్ధంతో భాగిస్తే 1.296.

ఏటవాలుగా తీసిన ఫొటోలో అవే నాలుగు 0, 50, 100, 142.1 దగ్గర పడ్డాయనుకోండి. 100 ఇంటూ 92.1, దాన్ని 50 ఇంటూ 142.1తో భాగిస్తే మళ్లీ 1.296. ప్లాన్ నెగ్గింది. వెనక పొగగొట్టాన్ని ప్లాన్‌లో 10 మి.మీ. వెనక్కి, అంటే 510 దగ్గర గీసి ఉంటే లెక్క 1.280 వచ్చేది. తేడా చిన్నదే, కాబట్టి స్క్రీన్ మీద స్కేల్ పెట్టకుండా పెద్ద స్కాన్ తెరిచి పిక్సెళ్లలో కొలవండి.

రెండు షరతులు. పొగగొట్టం పైన, గన్ కింద ఉన్నా ఫర్వాలేదు కానీ ఫొటోలో నిలువు గీతలు నిలువుగానే ఉండాలి. కెమెరా పైకో కిందకో వంచి తీస్తే అడ్డం దూరాలు మాత్రమే తీసుకునే ఈ పద్ధతి చెల్లదు. అలాగే హల్ పక్కన ఉన్నవీ మధ్యరేఖ మీద ఉన్నవీ కలపకూడదు. డిస్ట్రాయర్ హల్ పక్కలు వంపు తిరిగి ఉంటాయి, పోర్ట్‌హోళ్లు ఒకే సరళరేఖలో ఉండవు.

చిన్న వస్తువులకు తెలిసిన సైజులే గజంకర్ర. 21 అంగుళాల టార్పెడో వ్యాసం 1:96లో 5.6 మి.మీ. దాన్ని మింగే గొట్టం ప్లాన్‌లో 5 మి.మీ. ఉంటే అసాధ్యం. అమెరికా ఓడల్లో మామూలుగా కనిపించే 26 ఇంటూ 66 అంగుళాల వాటర్‌టైట్ తలుపు 6.9 ఇంటూ 17.5 మి.మీ. రావాలి. 18 మి.మీ. ఎత్తు అట్ట మనిషిని కోసి ప్లాన్‌లో బ్రిడ్జి మీద నిలబెట్టి చూడండి. కిటికీ అతని గడ్డం కింద ఉన్నా, తల పైకప్పుకు తగిలినా ఆ బ్రిడ్జి ఎత్తు తప్పు. మనిషి ఎటూ అబద్ధమాడడు.

కొయ్యఓడ

అట్ట మనిషి దెబ్బకు బ్రిడ్జి పాసయింది. టార్పెడో గొట్టాలు మాత్రం 4.8 మి.మీ. ఉన్నాయి.

మ్యూజియంగా ఉన్న ఓడల ఫొటోలు ఆధారంగా తీసుకోవచ్చా?

తుప్పురంగు

గొట్టాలు తప్పే, ఇంకో ఆధారం నుంచి గీసుకోండి. అవి ప్లాన్‌లోని హల్‌కి సంబంధం లేకుండా వేరే చోటి నుంచి దిగుమతి అయ్యుంటాయి. గొట్టాలు చెడ్డాయని హల్‌ని కూడా పక్కన పడేయొద్దు.

మ్యూజియం ఓడల్లో ఏది ఏ రూపంలో ఉందో చూసుకోవాలి. అమెరికాలో బాటన్ రూజ్‌లోని ఫ్లెచర్ ఓడ కిడ్‌ని 1945 రూపానికి తిరిగి తెచ్చారు. పైగా అది మిసిసిపీ నదిలో ఆధారపు చట్రం మీద కూర్చునే ఏర్పాటు కాబట్టి నీటిమట్టం పడిపోయిన నెలల్లో తీసిన ఫొటోల్లో హల్ అడుగు, ప్రొపెల్లర్ షాఫ్టులు, చుక్కాని కూడా కనిపిస్తాయి. తిరగ్గీసిన ప్లాన్లలో ఊహ ఎక్కువ నడిచేది సరిగ్గా ఆ భాగంలోనే. బోస్టన్‌లోని ఇంకో ఫ్లెచర్ ఓడ కాసిన్ యంగ్ మీద యుద్ధం తర్వాత చేసిన మార్పులున్నాయి, మాస్ట్ స్తంభం కూడా మూడు కాళ్లది. మీ 1943 ఓడకు దాన్నుంచి హల్, తలుపులు, నిచ్చెనలు తీసుకోండి, పైభాగం వద్దు. కిడ్ నుంచి కూడా విమాన విధ్వంసక గన్ల అమరిక తీసుకోవద్దు, అది 1945ది.

మీ క్లాస్ ఓడలు కొన్ని ఇంకా బతికున్నందుకు అదృష్టమే అనుకోండి. జపాన్ యుద్ధనౌక యమాటో డ్రాయింగుల్లో చాలావాటిని 1945 ఆగస్టులో తగలబెట్టేశారు. ఇప్పుడు దొరికే ప్లాన్లన్నీ మిగిలిన కాగితాలు, ఫొటోలు, సముద్రం అడుగున శిథిలం కలిపి తిరిగి కూర్చినవే. ముందు కొస మీద చేమంతి గుర్తు 1.5 మీటర్లని చాలాకాలం గీశారు. 1999లో శిథిలాన్ని పరిశీలించాక అది 1 మీటరని తేలింది. 1:350లో 4.3 మి.మీ. ఉన్నది 2.9కి దిగింది. ఆ ఓడ ప్లాన్ చేతికొస్తే ముందు ఆ గుర్తు మీద వెర్నియర్ పెట్టండి, అది ఏ కాలపు ప్లానో అక్కడే బయటపడుతుంది.